మాగిన ఎరువు

"ముందు వెళ్ళి స్నానం చేసి రా. మాటలు తర్వాత" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

నేను స్నానం చేసే వచ్చాను. జడ కొసల్నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఆ మాట చెప్పడానికి ఎందుకో నోరు రాలేదు. మళ్ళీ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుని, కుళాయి విప్పి, బకెట్‌ని అటూ ఇటూ జరిపి కాసేపు చప్పుడు చేసి, ఒక్క చెంబు కూడా పోసుకోకుండా బయటికి వచ్చాను. ఈసారి ఆయన తల ఎత్తి చూశారు. "హమ్మయ్య, ఇప్పుడు మనిషిలా ఉన్నావు. ఏంటో చెప్పు" అన్నారు.

నవ్వు రావాల్సిన చోటే అది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. వాసన నా ఒంటికి లేదు, ఆయన ముక్కులో ఉంది. నేనెన్ని చెంబులు పోసుకున్నా అది పోదని అప్పుడర్థమైంది. అర్థమై కూడా, ఆయన చూడకుండా మోచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూసుకున్నాను. నా సిగ్గుకి కూడా సిగ్గు లేదు.

చెప్పాల్సిన మాట చిన్నదే. ఆ రోజు పొద్దున మా తోట చూడడానికి వచ్చిన రైతులకి ఆయన ఎరువు గురించి తప్పు చెప్పారు. దాన్ని నమ్మి, నారు పెంచి అమ్ముకునే, అందరూ నారు అక్క అని పిలిచే ఆవిడ మర్నాడు పొద్దున్నే తన మళ్ళన్నిటిలో ఎంగిలి మెతుకులు మాగబెట్టకుండా పచ్చిగానే పోయబోతోంది. పోస్తే నారంతా మాడిపోతుంది. ఈలోపు ఎవరో ఒకరు వెళ్ళి వద్దని చెప్పాలి. ఆయనే వెళ్తే బాగుంటుందని అడగడానికి వచ్చాను. అంతే. ఆ 'అంతే' వెనక ఎంత ఉందో చెప్పకపోతే, ఇంత చిన్న మాటకి ఇంత నసుగుడేమిటని మీరే అంటారు.

మా ఇంటి వెనక టమాటా తోట మా ఆయనది. తెల్లారి నీళ్ళు పెట్టేది నేను, సాయంత్రం కలుపు తీసేది నేను, కోతప్పుడు గంపలు మోసేది నేను, అయినా తోట ఆయనది. నేను ఊళ్ళో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్‌లో పనిచేస్తాను. కౌంటర్ దగ్గర టోకెన్ తీసుకుని ప్లేటు అందించే పని. ఎవరికి కారం పడదో, ఎవరికి ఇంకో గరిటె వెయ్యాలో, ఎవరు ఆ రోజు పై అధికారితో మాటలు పడి వచ్చారో మొహం చూసి చెప్పేసేదాన్ని. ఆ పనంటే నాకిష్టం. మా అత్తయ్య దాన్ని ఉద్యోగం అనరు. "మా కోడలు అలా బయటికి వెళ్ళొస్తూ ఉంటుంది" అంటారు ఎవరైనా అడిగితే, నేనేదో షికారుకి వెళ్ళొస్తున్నట్టు.

తోటకి ఎండుతెగులు పట్టింది. పొద్దున నిగనిగలాడిన మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేసేది. నీళ్ళు చాల్లేదేమో అని పోస్తే ఇంకా వాలేది. పీకి చూస్తే వేరు గోధుమరంగుకి తిరిగి, వేళ్ళతో నలిపితే మెత్తగా ఊడి వచ్చేది. మందుల కొట్టు వాడు ఒక సీసా ఇచ్చాడు, అది పనిచేయకపోతే ఇంకో సీసా ఇచ్చాడు, అదీ పనిచేయకపోతే ఇన్నాళ్ళూ తప్పు సీసా కొట్టారన్నాడు. పోసిన మందులకి తెగులు పోలేదు గానీ మట్టి మాత్రం ఇటుకలా బిగుసుకుపోయింది. నీళ్ళు పెడితే ఇంకకుండా పైపైనే జారిపోయేవి. వరసగా పంటలు పోయాయి. మా ఆయన అన్నం దగ్గర కూర్చుని కలపడం మర్చిపోయి గోడకేసి చూస్తూ ఉండిపోయేవారు. ఆయన చెడ్డవారు కాదు. చూడండి, ఇక్కడ కూడా ఆయన పరువు కాపాడే పని నేనే పెట్టుకున్నాను. ఆయన్ని అలా చూడలేకపోయాను, అది నిజం.

మా క్యాంటీన్ వెనక గోడ పక్కన ప్లేట్లలో మిగిలిన తిండి పారబోసే గుంట ఒకటుంది. ఒకరోజు చేతులు కడుక్కుంటూ చూస్తే ఆ గుంట అంచున ఎవరూ వెయ్యని టమాటా మొక్క. నా నడుమెత్తు ఉంది, గుత్తులుగా కాసింది. వాడని ఆకు, మచ్చ లేని కాండం. మా తోటలో రోజూ చావులు చూస్తున్న కళ్ళతో దాన్ని చూస్తే కుళ్ళు పుట్టింది. దాని మొదట్లో చెయ్యి పెట్టి తవ్వాను. మట్టి నల్లగా, గుల్లగా, తొలకరి వాన పడ్డప్పటి వాసనతో వేళ్ళ మధ్యలోంచి జారింది. ఆ మట్టిని సంచీలో వేసుకెళ్ళి మా తోటలో అన్నిటికంటే తెగులున్న మూల మొక్కల మొదట్లో వేశాను. ఆ మూల నిలబడింది. "అక్కడ ఎండ తక్కువ, అందుకే" అన్నారు మా ఆయన.

పారబోసిన తిండే కుళ్ళి అలా నల్లమట్టి అయింది గానీ, గుంటలో ఉన్నది కాస్తే. మిగతాది చేసుకోవాల్సిందే. చెయ్యడం మొదలుపెట్టిన రోజున నాకూ ఏమీ తెలీదు. మెతుకులు తెచ్చి నేరుగా అత్తయ్య గులాబీ మొదట్లో పోశాను, ముందు ఆవిడ మొక్క బాగుపడితే నన్ను మెచ్చుకుంటారని. ఆకుల అంచులు మాడి, కొమ్మ నల్లబడి అది చచ్చిపోయింది. అత్తయ్య ఆ మొక్కకి మనవరాలికి తల దువ్వినంత శ్రద్ధగా ఎండుటాకులు గిల్లేవారు. కుండీ ఇప్పటికీ ఖాళీగానే ఉంచారు, నేను చూస్తూ ఉండాలనేమో. అప్పుడు తెలిసింది, వండిన తిండిలో ఉప్పు ఉంటుంది, నూనె ఉంటుంది, అవి వేరుని కాల్చేస్తాయి. ఉప్పు లేకపోయినా పచ్చిది కుళ్ళేటప్పుడు లోపల కాగుతుంది.

అందుకని ముందు ఎముకలూ కాగితాలూ ఏరేస్తాను. జల్లెడలో వేసి నీళ్ళు మార్చి మార్చి కడుగుతాను. నీళ్ళు వార్చి, వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టూ ఎండుటాకులూ కలిపి కుప్ప పోస్తాను. లోపల చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. చల్లారినప్పుడల్లా తిరగేసి మళ్ళీ కప్పుతాను. ఎంత తిరగేసినా వేడెక్కడం మానేసి, నలిపితే మెతుకన్నది కనపడకుండా, మట్టివాసన వచ్చినప్పుడు అది మాగినట్టు. ఆ తర్వాతే పాదుకి చేరాలి. ఒక్కో కుప్పా మాగేసరికి కాలమే మారిపోయేది. ఈ పనంతా వంటకీ క్యాంటీన్‌కీ మధ్య దొరికిన సందులో.

ఉప్పు పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కడిగిన నీళ్ళు వేలితో తీసి నాలుక మీద వేసుకుంటాను. ఎవరెవరో తిని వదిలేసిన ప్లేట్ల నీళ్ళు. వేసుకుని, ఉమ్మేసి, పుక్కిలిస్తాను. వేరే దారి నాకు తెలీలేదు. గోడ చాటున చేసేదాన్ని. ఒకసారి వెనక్కి తిరిగితే మా అమ్మాయి నిలబడి ఉంది, బడి సంచీ భుజాన వేసుకుని. ఆ రోజు నుంచి నా గ్లాసులో నీళ్ళు తాగడం మానేసింది. నేను చూడట్లేదనుకుని ప్లేటు కూడా మళ్ళీ కడుక్కునేది. తర్వాత ఒకరోజు మెల్లగా, "అమ్మా, రేపు బడికి నాన్నని పంపు. నువ్వు అలసిపోతావు కదా" అంది. నా అలసట గురించి మా ఇంట్లో ఎవరైనా మాట్లాడడం అదే మొదలు. ఆ రాత్రి పడుకున్నాక కూడా నా మొహం వేడిగానే ఉంది.

మెతుకుల్ని మూతలున్న పెయింట్ డబ్బాల్లో బస్సులో తెచ్చేదాన్ని. కండక్టర్ మొదట్లో నవ్వేవాడు, తర్వాత "అమ్మా, ఇది జనం ఎక్కే బండి" అన్నాడు. నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. బస్సు కిక్కిరిసిపోయినా ఖాళీయే. ఒకరోజు నారు అక్క ఎక్కి, నేరుగా వచ్చి ఆ సీట్లో కూర్చుని, తన సంచీ నా డబ్బా మూత మీద పెట్టి, దారి పొడుగునా తన మళ్ళ గురించి గలగలా మాట్లాడింది. ఆమె ఒంటరి మనిషి. ఆమె పెంచిన నారే చుట్టుపక్కల తోటలన్నిటికీ వెళ్తుంది. ఆ మళ్ళు తప్ప వెనకా ముందూ ఏమీ లేదు. "ఏంటి చెల్లీ ఇందులో?" అని కూడా అడగలేదు. దిగేటప్పుడు "వస్తా" అని నా భుజం తట్టింది. నేను దిగాల్సిన చోటు దాటిపోయాను, కళ్ళలో నీళ్ళు కనపడకుండా కిటికీకేసి తిరిగి కూర్చోవడం వల్ల.

క్యాంటీన్‌లో సూపర్‌వైజర్ నన్ను పక్కకి పిలిచాడు. "కంప్లయింట్లు వస్తున్నాయమ్మా. నువ్వు బాగానే ఉంటావు, అది కాదు... తినే చోటు కదా" అని నీళ్ళు నమిలి, మర్నాటి నుంచి లోపల ప్లేట్లు కడిగే చోటికి మార్చాడు. కౌంటర్ దగ్గర నా స్థానంలో కొత్తమ్మాయి వచ్చింది. కారం పడని ఆయనకి కారం వడ్డించేస్తోంది. లోపల్నుంచి ఆయన దగ్గు వినపడేది నాకు. ఇంట్లో చెప్పలేదు. చెప్తే "మేం ముందే అన్నాం" అంటారు. అత్తయ్య ఎలాగూ రోజూ అంటూనే ఉన్నారు. "మా ఇంట్లో ఆడవాళ్ళు నలుగురికీ పెట్టారే గానీ నలుగురి ఎంగిలి ఇంటికి మోసుకురాలేదమ్మా."

తోట మాత్రం లేచింది. ఏ మూల చూసినా పచ్చగా, మోకాళ్ళు దాటి, నడుం దాటి. గునపం దిగని మట్టిలో ఇప్పుడు ఉత్త చెయ్యి దిగుతోంది. వానపాములు వచ్చాయి. పక్క తోటలన్నిటికీ అదే తెగులు తగిలి వరసలు వరసలు ఎండిపోతుంటే మా తోటలో కాపు బరువుకి ఊతకర్రలు విరుగుతున్నాయి. మా ఆయన మళ్ళీ అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "ఏం చేశావయ్యా?" అని అడిగితే, మొదట్లో "ఏదో" అనేవారు. తర్వాత "చేశాన్లే" అనేవారు. ఆ 'చేశాన్లే' వినపడ్డ రోజు నాకు ఒళ్ళు మండాలి కదా. మండలేదు. ఆయన మొహంలో వెలుగు చూసి సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే దానికీ సిగ్గేస్తుంది.

ఆ ఆదివారం పొద్దున రైతులు గుంపుగా వచ్చారు. నారు అక్క కూడా వచ్చింది. నేను టీ పళ్ళెం పట్టుకుని తోటలోకి వెళ్ళేసరికి మా ఆయన మధ్యలో నిలబడి, ఒక చేత్తో గుత్తి పైకెత్తి చూపిస్తూ చెప్తున్నారు.

"ఏముందండీ ఇందులో, వృథాగా పోయే తిండే. హోటళ్ళు, హాస్టళ్ళు, ఎక్కడైనా దొరుకుతుంది. తెచ్చి పాదులో పోసెయ్యడమే. తెగులు దెబ్బకి పోతుంది."

"పచ్చిగానేనా తమ్ముడూ?" అంది నారు అక్క.

"పచ్చిగానే. తాజాగా ఉంటేనే బలం" అన్నారు మా ఆయన.

ఆయన అబద్ధం చెప్పట్లేదు, అదే నన్ను కదిలించేసింది. ఆయనకి నిజంగానే తెలీదు. డబ్బాలు ఇంటికి రావడం చూశారు, కాయ కాయడం చూశారు. ఆ మధ్యలో జరిగిందంతా ముక్కు మూసుకుని తల తిప్పుకున్న వైపు జరిగింది. కుప్ప ఉన్న గోడ వెనక్కి ఆయన ఒక్కసారీ రాలేదు.

"అది కాదండీ..." అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. మా ఆయన కూడా. కోపంగా కాదు, మరిచిపోయిన వస్తువేదో కాలికి తగిలినట్టు చూశారు. "టీ చల్లారిపోతోంది, ముందు అందరికీ ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి, చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను. నారు అక్క గ్లాసు అందుకుంటూ, "ఇప్పుడే హాస్టల్ వంటవాళ్ళతో ఫోన్లో మాట్లాడుకున్నా చెల్లీ. రేపు పొద్దున్నే రెండు డ్రమ్ములు దింపుతారు. నా మళ్ళకి కూడా మీ తోట రోగమే వచ్చింది, నారు సగం పోయింది. ఇంక ఆలస్యం చేసేది లేదు" అంది. నేను తల ఊపాను. నోట్లో మాట ఉంది. తల మాత్రం ఊగింది.

ఎందుకు చెప్పలేదు? నేనే అడుక్కున్నాను ఈ ప్రశ్న, గ్లాసులు కడుగుతూ. చెప్తే మా ఆయన చిన్నబోతారని ఒకటి. కానీ అసలు కారణం అది కాదు. చెప్తే ఎలా తెలుసని అడుగుతారు. ఎవరు కడిగారు, ఎలా కడిగారు, ఉప్పు పోయిందని ఎలా కనుక్కున్నావు అని అడుగుతారు. అంతమంది మగవాళ్ళ మధ్య నా నాలుక గురించి చెప్పాలి. ఆయన పరువు మాటున నా పరువు దాచుకున్నాను. దానికి నారు అక్క మళ్ళు ఖర్చవుతాయని తెలిసీ దాచుకున్నాను. ఈ సిగ్గు ముందు వాసన సిగ్గు ఎంత? ఇది సబ్బుతో అసలు పోదు.

అదీ సంగతి. సాయంత్రం చప్పుడు స్నానం చేసి వచ్చి, ఇదంతా కాదు, అవసరమైనంతే ఆయనకి చెప్పాను. మొదట నమ్మలేదు. "అత్తయ్య గులాబీ ఎలా పోయిందనుకున్నారు?" అన్నాను. ఆయన మొహం మారింది. పేపరు మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు.

"ఇప్పుడు వెళ్ళి నేను చెప్పింది తప్పంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? పొద్దునేగా అందరి ముందూ అంత గొప్పగా చెప్పాను."

"రేపు పొద్దునే పోసేస్తుందండీ."

"వచ్చే ఆదివారం రైతు సంఘం మీటింగ్ ఉంది కదా, అక్కడ మెల్లగా నేనే చెప్తాలే. ఇంకా బాగా చేసే పద్ధతి కనిపెట్టానని చెప్తే గౌరవంగా కూడా ఉంటుంది."

"అప్పటికి ఆమె మళ్ళుండవు."

"అన్నీ చచ్చిపోవులే" అన్నారు. ఆ 'లే' చాలా మెత్తగా అన్నారు, చంటిపిల్లని జోకొట్టినట్టు.

వంటింట్లో అత్తయ్య గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ అంతా విన్నారు. నేను వెళ్ళగానే గొంతు తగ్గించి అన్నారు, "నా గులాబీ ఎలా పోయిందో నాకు తెలీదనుకున్నావా? వాడికి ఒక్కమాట చెప్పానా? ఇల్లన్నాక కొన్ని కడుపులో పెట్టుకోవాలి. మొక్కలు ఆవిడ మళ్ళీ వేసుకుంటుంది. వాడు ఇన్నాళ్ళకి తలెత్తుకుని తిరుగుతున్నాడు, నువ్వే దించుతావా?" ఆవిడ కళ్ళలో కోపం లేదు. ఇలాంటివి కడుపులో ఎన్ని పెట్టుకున్నారో, అవన్నీ అరిగాయో లేదో నాకు తెలీదు. మొదటిసారి ఆవిణ్ణి చూస్తే భయం కాకుండా జాలేసింది. ఆ జాలి పక్కనే ఇంకో భయం పుట్టింది, ఇంకొన్నాళ్ళకి నేనూ ఇదే వంటింట్లో ఇంకో అమ్మాయికి ఇదే మాట చెప్తానేమోనని.

మర్నాడు పొద్దున కుప్ప దగ్గరికి వెళ్ళి మాగిన ఎరువు ఒక గంపలోకి ఎత్తుకున్నాను. క్యాంటీన్‌కి వెళ్ళే బట్టల్లోనే. అత్తయ్య చూసి గబగబా ముందుగదిలోకి వెళ్ళారు, మా ఆయన్ని లేపడానికని తెలుస్తూనే ఉంది. నేను ఆగలేదు. గంప చంకన పెట్టుకుని నడుస్తుంటే మా అమ్మాయి బడి స్నేహితులు ఎదురొచ్చి పక్కకి తప్పుకున్నారు. తల దించుకునే నడిచాను. ధైర్యం వచ్చిందని చెప్పను, రాలేదు. కాళ్ళు మాత్రం ఆగలేదు.

నారు అక్క ఇంటి ముందు డ్రమ్ములు అప్పటికే దిగాయి. నిన్న మా తోటకి వచ్చిన రైతుల్లో ముగ్గురు అక్కడే ఉన్నారు, ఎలా పోస్తుందో చూసి తామూ పోద్దామని. అక్క మగ్గు ముంచి, మొదటి మడి మీదికి వంగింది. వేలెడు కూడా లేని నారు, ఒత్తుగా, లేతగా.

"పొయ్యకక్కా!" అన్నాను. అంత గట్టిగా అరుస్తానని నాకే తెలీదు.

మగ్గు గాల్లోనే ఆగింది. దగ్గరికి వెళ్ళి గంప దించి చెప్పాను. పచ్చిది పోస్తే ఉప్పుకీ వేడికీ నారు మాడిపోతుందని, కడగాలని, పొట్టు కలిపి కుప్ప పోసి మాగనివ్వాలని. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "ఇదిగో, ఇలా అవ్వాలి. వాసన చూడు" అని గుప్పెడు తీసి ఆమె ముందు పెట్టాను. వచ్చినవాళ్ళలో పెద్ద మీసాలాయన నవ్వాడు. "భలేదానివమ్మా! మీ ఆయన పోస్తే కాసింది, అక్క పోస్తే చస్తుందా?"

"ఉండవయ్యా నువ్వు" అంది అక్క. ఎరువు చేతిలోకి తీసుకుని నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. డ్రమ్ములోకి చూసింది. "మరి ఉప్పు పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది చెల్లీ?"

వచ్చేసింది. నిన్నట్నుంచి నేను తప్పించుకుంటున్న ప్రశ్న. ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు, రంగు చూసి అనొచ్చు. అలా చెప్తే ఆమె రంగు చూసి మళ్ళీ నారు కాల్చుకుంటుంది.

"కడిగిన నీళ్ళు నాలుక మీద వేసుకుని చూస్తాను" అన్నాను.

ఒకాయన పక్కకి తిరిగి ఉమ్మేశాడు. పెద్ద మీసాలాయన నవ్వు సగంలో ఆగిపోయింది. నా చెవులు కాలిపోతున్నాయి. నేల చీలి నన్ను తీసుకుంటే బాగుండుననిపించింది. చీలలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, అక్క మగ్గులోది మెల్లగా డ్రమ్ములోకి వంచేస్తోంది.

అప్పుడే మా ఆయన స్కూటర్ వచ్చి ఆగింది. చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకోలేదు, తల దువ్వుకోలేదు. "ఇదిగో, ఈయనే వచ్చాడుగా, అడుగుదాం" అన్నాడు పెద్ద మీసాలాయన. "ఏమయ్యా, పచ్చిగా పొయ్యమన్నావుగా నిన్న? మీ ఆవిడ కాదంటోంది. ఎవరి మాట వినమంటావు?"

మా ఆయన నావైపు చూశారు. ఆ చూపు నాకు కొత్త. ఇన్నేళ్ళలో నాకు పనులు చెప్పారు, తప్పులు చెప్పారు, ఎప్పుడైనా ప్రేమగా మాటలూ చెప్పారు. బతిమాలడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. నడివీధిలో, నలుగురి ముందు, కళ్ళతో బతిమాలుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని ఆ స్థితిలో నిలబెట్టినందుకు సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది.

ఏం చెప్పాలో నాకు తెలుసు. ఆ మాట నాలుక చివరే ఉంది, ఇన్నేళ్ళ అలవాటుకి నున్నగా అరిగిపోయి. 'ఆయన విన్నది విన్నట్టే చెప్పారండీ, నేనే ఇంట్లో తప్పు చెప్పాను. తప్పు నాదే.' అంతే చాలు. నారు బతుకుతుంది, ఆయన తల నిలబడుతుంది, మీసాలాయన మళ్ళీ నవ్వుతాడు, ఆడవాళ్ళు ఇంతేనయ్యా అనుకుని అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఎవరికీ నష్టం లేదు. ఒక్కరికి తప్ప ఎవరికీ లేదు. ఆ ఒక్కరినీ లెక్కలో వేసుకోవడం నాకు అలవాటు లేదు.

అక్క నా మొహమే చూస్తోంది. "చెప్పు చెల్లీ" అంది.

"మా ఆయనకి ఎరువు చెయ్యడం రాదక్కా" అన్నాను. "నాకొచ్చు."